గొళ్ళెం లేని తలుపుకు నాలుగు రంగులు

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, ఒంటిపూట బడులు మొదలైన వారంలో, ఒక జత ఉన్ని చేతి తొడుగులు బహుమతిగా వచ్చాయి. ఎర్రవి. మణికట్టు దగ్గర తెల్ల దారంతో మంచు పువ్వు అల్లి ఉంది. 1994 మార్చి, జగద్గిరిగుట్ట, రేకుల ఇల్లు. వాటితో ఏం చెయ్యాలో ఇంట్లో ఎవరికీ తోచలేదు. నాన్న వేళ్ళ కొసలకి తగిలించుకుని మా తమ్ముడికి తోలుబొమ్మలాట ఆడించాడు. అమ్మ రెండు రోజులు ఊరుకుని, మూడో రోజు నుంచి వాటితో పొయ్యి మీది అన్నం గిన్నె దించడం మొదలుపెట్టింది. మసిగుడ్డ కంటే నయమంది. ఆ తర్వాత నాలుగైదేళ్ళు మా ఇంట్లో అవే మసిగుడ్డలు.

వాటిని ఇచ్చినవాళ్ళు విమానమెక్కి మా బడికి వచ్చారు. గుట్ట కింద ఒక పాస్టరుగారు నడిపే చిన్న బడి అది. వాళ్ళు వస్తున్నారని రెండు వారాల ముందు నుంచే లెక్కలూ తెలుగూ పక్కన పెట్టి మాకు ఇంగ్లీషు పాట నేర్పించారు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా చేతులూపుతూ పాడాం. టీచర్లు తలా ఇరవై వేసుకుని జాంబాగ్ నుంచి బంతిపూల దండలు తెప్పించారట. ఈ సంగతి చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. అప్పటి వాళ్ళ జీతం తలుచుకుంటే ఆ ఇరవై చిన్న మొత్తం కాదు. పసుపు జుట్టు అమ్మాయి ఒకామె నన్ను ఎత్తుకుని ఫోటో దిగింది. తొమ్మిదేళ్ళంటే ఎత్తుకునే వయసు కాదు గానీ నేను బక్కగా ఉండేదాన్ని. అబద్ధం ఎందుకు, ఆ రోజు నాకు పండగే. ఆమె దగ్గర సబ్బు వాసన ఎంత బాగుందో ఇప్పటికీ గుర్తు.

అలా వరసలో నిలబడి పాడిన పిల్లనే, పెద్దయ్యాక వరస ఎదురుగా మైకు పట్టుకుని నిలబడ్డాను. సికింద్రాబాద్ వైపు ఒక చర్చి సంఘంలో పన్నెండేళ్ళుగా యూత్ పనులు చూస్తున్నాను. వృత్తి అకౌంట్స్ కాబట్టి కోశాధికారి పని నా నెత్తిన పడింది. ఏటా ఫిబ్రవరిలోనో, వేసవి వీబీఎస్ (సెలవుల్లో పిల్లలకి పెట్టే బైబిల్ తరగతులు) అప్పుడో, పేద బడులకి 'మిషన్ ట్రిప్'లు వేస్తాం. పరిచర్య అంటాం, సేవ అంటాం, వాట్సాప్‌లో మాత్రం ట్రిప్ అనే అంటాం. ఆ మాటే సరైనదని నాకు ఈమధ్య అనిపిస్తోంది.

విదేశీ బృందాలు ఇప్పుడు అంతగా రావు. దానికి కారణాలు చాలామందికి తెలిసినవే. టూరిస్టు వీసా మీద వచ్చి సువార్త చెప్పడానికి వీల్లేదు, దానికి మిషనరీ వీసా వేరే ఉంది. విదేశీ విరాళాల చట్టం 2010లో కొత్త రూపం తీసుకుంది, 2020 సవరణతో మరింత బిగిసింది. బయటినుంచి డబ్బు తీసుకున్న సంస్థ దాన్ని ఇంకో చిన్న సంస్థకు పంచడానికి లేదు, ఆఫీసు ఖర్చులకు ఇరవై శాతం మించి వాడడానికి లేదు, డబ్బు ముందుగా ఢిల్లీలోని ఒకే ఒక్క స్టేట్ బ్యాంక్ శాఖలో దిగాలి. అంతకు ముందే, 2017లో, పిల్లలకు స్పాన్సర్‌షిప్ ఇచ్చే కంపాషన్ ఇంటర్నేషనల్ ఇండియాలో పని మూసేసుకుని వెళ్ళిపోయింది. లక్షా నలభై వేల మందికి పైగా పిల్లలు దాని కింద ఉండేవాళ్ళు. ఆ చట్టాల మంచిచెడ్డల గురించి గంటలు గంటలు వాదించుకోవచ్చు, మా సంఘంలో వాదించుకుంటూనే ఉంటారు. నాకు కనిపించినది వేరు. దొరలు పోయాక ఆ టోపీ మేం పెట్టుకున్నాం. కొండాపూర్‌లో, గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ జీతాలున్న క్రైస్తవ కుటుంబాలు చాలానే ఉన్నాయి. డబ్బుకి కొదవ లేదు. ట్రిప్ ఎలా చెయ్యాలో మాత్రం వాళ్ళని చూసి నేర్చుకున్నదే: ఒకే రంగు టీషర్టులు, ఒక బ్యానరు, ఒక పాట, ఒక పొట్లం, ఒక గ్రూప్ ఫోటో.

2023 ఫిబ్రవరిలో వేసిన ట్రిప్ గురించే ఇక్కడ చెప్పదలిచాను. బడి పేరు చెప్పను. నేను పుట్టి పెరిగిన వైపే, బాలానగర్ దాటాక, ఫ్యాక్టరీ కూలీల పిల్లలు చదివే ప్రైవేటు బడి. ఒక పాస్టరుగారు, ఆయన భార్య నడుపుతారు. ఏడో తరగతి దాకా రెండు వందల పది మంది పిల్లలు, ఏడుగురు టీచర్లు. మేం యాభై రెండు మందిమి, రెండు మినీ బస్సులు.

మేం దిగేసరికి పిల్లలు అప్పటికే వరసలో ఉన్నారు. ఎవరూ నిలబెట్టలేదు, వాళ్ళకి అలవాటు. రెండో తరగతి పిల్ల ఒకతి, కొత్తగా చేరిన పిల్లాడికి పద్ధతి చెబుతోంది. నేను సౌండ్ బాక్స్ వైరు విప్పుతూ వెనకే కూర్చున్నాను. "ముందుగాల పాట. తర్వాత కథ. తర్వాత ఫోటో. ఫోటో అయినంకనే బిస్కెట్లిస్తరు, ముందుగాల అడగొద్దు." వాడు "మల్ల ఇంటికి పంపుతరా?" అన్నాడు. "లేదు, మల్ల థాంక్యూ చెప్పాలె" అంది ఆ పిల్ల, విసుగ్గా, పెళ్ళి తంతు తెలిసిన పెద్దముత్తయిదువలా.

నేను నవ్వాను. మా వాళ్ళకి చెబితే వాళ్ళూ నవ్వారు. ఆ తర్వాత పాట మొదలైంది.

ఆ సాయంత్రం లెక్కలు రాశాను. మొత్తం 57,790 రూపాయలు. అందులో టీషర్టులకి 12,480. బస్సులకి 14,000. మా మధ్యాహ్నం బిర్యానీ పొట్లాలకి 9,360. పిల్లలకి ఇచ్చిన పొట్లాలకి, అంటే పెన్సిల్ డబ్బా, రబ్బరు, బిస్కెట్ ప్యాకెట్ కలిపి, 9,450. మేం తిన్నదానికీ వాళ్ళకిచ్చినదానికీ తేడా తొంభై రూపాయలు. ఆ పుస్తకంలో ఆ రెండు అంకెలు ఒకదాని కింద ఒకటి పడ్డాయి, లేకపోతే నేనూ గమనించేదాన్ని కాదు. ఇంకో లెక్క ఎవరూ అడగకపోయినా నేనే వేశాను: అక్కడి ఏడుగురు టీచర్లకి సగటున ఎనిమిది వేల జీతం. నెలకి 56,000. వాళ్ళు నెలంతా చెప్పిన చదువు ఖరీదు, మేం ఒక పూట వెళ్ళి పాట పాడి వచ్చిన ఖరీదు కంటే కాస్త తక్కువ.

అయినా ఈ లెక్కతో నా మనసు మారలేదు. అకౌంట్స్ చేసేవాళ్ళకి ఇలాంటివి రోజూ కనిపిస్తాయి, రోజూ మర్చిపోతాం. మారింది ఆ తర్వాతి మంగళవారం.

ఆడిట్ కోసం రసీదు మీద బడి స్టాంపు కావాలి. ఆ రోజు హడావుడిలో వేయించుకోవడం మర్చిపోయాను. మంగళవారం ఆఫీసుకి సగం రోజు సెలవు పెట్టి ఒక్కదాన్నే వెళ్ళాను. చేతిలో రసీదు పుస్తకం తప్ప ఏమీ లేదు. పాస్టరమ్మగారు అయిదో తరగతిలో పాఠం చెబుతున్నారు, లెక్కల టీచరు ఆ నెల మానేసిందట. మెట్ల మీద కూర్చోమన్నారు. కూర్చున్నాను, దాదాపు గంటన్నర.

మెట్ల ఎదురుగా బాత్రూమ్. రేకు తలుపు. గులాబీ రంగు వేసి, మధ్యలో సీతాకోకచిలుక. ఆ సీతాకోకచిలుక నేను వేసినదే, మూడు రోజుల క్రితం. ఆ తలుపుకి వీపు ఆనించి, కాళ్ళు గట్టిగా తన్నిపెట్టి, ఏడో తరగతి పిల్ల ఒకతి నిలబడి ఉంది. కాసేపటికి లోపలినుంచి ఇంకో పిల్ల బయటికొచ్చింది. ఇద్దరూ చోట్లు మార్చుకున్నారు. లోపలున్నది బయటికి, బయటున్నది లోపలికి. మళ్ళీ వీపు ఆనించడం. మగపిల్లలు పక్కనుంచే పరుగులు పెడుతున్నారు.

"గొళ్ళెం లేదా?" అనడిగాను.

"లేదు మేడం. నేను ఒకటో తరగతిల ఉన్నప్పటిసంది లేదు."

లేచి వెళ్ళి చూశాను. తలుపు అంచు దగ్గర రంగు పెచ్చులూడింది. ఉల్లిపొరల్లా కనిపిస్తున్నాయి: పైన మా గులాబీ, దాని కింద పసుపు, దాని కింద నీలం, అడుగున ఆకుపచ్చ. నాలుగు బృందాలు. నాలుగు సార్లు ఎవరో ఒకరు ఆ తలుపు ముందు గొంతుక్కూర్చుని, బ్రష్ పట్టుకుని, అంచులు నీటుగా వచ్చాయా లేదా అని చూసుకున్నారు. ఆ తలుపు వెయ్యడానికి లోపల ఏమీ లేదని నలుగురిలో ఒక్కరూ చూడలేదు. నేను అరగంట దాని ముందు కూర్చున్నాను. నేనూ చూడలేదు.

పెద్దపిల్లలు పొద్దున ఇంటిదగ్గర నీళ్ళు తాగి వస్తే మళ్ళీ ఇంటికెళ్ళేదాకా తాగరట. పాస్టరమ్మగారు ఈ మాట మామూలుగా చెప్పారు, వాతావరణం గురించి చెప్పినట్టు. "రంగులు మస్తు ఏసిండ్రు బిడ్డా. గొళ్ళెం సంగతి మేమూ అడగలే. ఇంత దూరం నుంచి వచ్చినోళ్ళని గొళ్ళెం గురించి ఏమడుగుతం?"

ఆ 'బిడ్డా' నన్ను పట్టుకుంది. మూడేళ్ళుగా ఆ బడికి పోతున్నాను, ఎప్పుడూ 'మేడం' అనే అన్నారు. టీషర్టు లేకుండా, వెనక బస్సు లేకుండా వెళ్ళేసరికి బిడ్డనయ్యాను. అన్నం తిన్నావా అనడిగారు. తినలేదంటే తన డబ్బాలోంచి సగం తీసి మూతలో పెట్టారు. పప్పుచారు అన్నం, పక్కన చింతకాయ తొక్కు. ట్రిప్‌లకి వెళ్ళినప్పుడు మేం బడిలో మంచినీళ్ళు కూడా తాగం. బిర్యానీ పొట్లాలూ నీళ్ళ సీసాలూ వెంట తీసుకుపోతాం. ఆ తిండి తింటుంటే ఇంకో రెండు సంగతులు తెలిశాయి. మేం వచ్చిన రోజు కూర్చోవడానికి యాభై కుర్చీలు టెంట్ హౌస్ నుంచి పాస్టరుగారే అద్దెకు తెచ్చారు, నాలుగు వందలు. పైగా అది పరీక్షల ముందు వారం, ఆ రోజు పోయిన పాఠాల కోసం తర్వాతి ఆదివారం మధ్యాహ్నం టీచర్లని పిలిపించారు. మా సేవ ఖర్చులో కొంత వాళ్ళే భరించారన్నమాట. అది నా పుస్తకంలో ఎక్కడా లేదు.

ఇంటికొచ్చి లూకా సువార్త పదో అధ్యాయం తీశాను. ఏసు డెబ్బై మందిని ఇద్దరిద్దరుగా ఊళ్ళకి పంపినది అక్కడే ఉంది. మా ట్రిప్‌ల ముందు ప్రార్థనలో దాన్ని ఏటా చదువుతాం, 'కోత విస్తారము' అన్న మాట దగ్గర ఆపేస్తాం. రెండు వాక్యాలు కిందికి దిగితే అసలు ఆజ్ఞలు ఉన్నాయి. డబ్బు సంచి వద్దు. జోలె వద్దు. చెప్పులు కూడా వద్దు. ఒక ఇంట్లోనే ఉండండి, ఇంటింటికీ తిరగొద్దు. వాళ్ళు ఏం పెడితే అది తినండి. అంటే పంపినాయన వాళ్ళని వట్టి చేతులతో, అతిథుల్లా, ఆకలితో పంపాడు. ఇచ్చే చెయ్యి ఆ ఊరివాళ్ళది, పుచ్చుకునే చెయ్యి వచ్చినవాళ్ళది. మేం దాన్ని తలకిందులు చేసి పెట్టుకున్నాం. సంచులు నింపుకుని వెళ్తాం, ఏటా నాలుగైదు బడులు తిరుగుతాం, వాళ్ళ నీళ్ళు ముట్టం.

ఇది నేను కొత్తగా కనిపెట్టినదేమీ కాదు. మన దోర్నకల్‌లో పనిచేసిన అజరయ్య గారు 1910లోనే ఎడిన్‌బరోలో, ప్రపంచ మిషనరీ సభలో, దొరల మొహం మీదే చెప్పారు. పేదలకి మీ ఆస్తులు పంచారు, మీ ప్రాణాలు ధారపోశారు, మాకు ప్రేమ కూడా కావాలి, మాకు స్నేహితులను ఇవ్వండి అని. రెండేళ్ళ తర్వాత, 1912లో, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. ఆయన తమిళుడు. తిరునల్వేలి క్రైస్తవులు తమ సొంత చందాలతో 1903లో మొదలుపెట్టిన మిషనరీ సొసైటీ తరఫున నిజాం రాజ్యంలోకి వచ్చి, తెలుగు నేర్చుకుని, 1945లో చనిపోయేదాకా దోర్నకల్‌లోనే ఉండిపోయారు. ట్రిప్ అంటే ఆ మనిషి ఏమనేవాడో అని అప్పుడప్పుడూ నవ్వొస్తుంది.

ఇక్కడిదాకా చదివి, చూశావా, మేం ముందునుంచీ చెబుతున్నదే అనేవాళ్ళు కొందరుంటారు. మా ఆఫీసులోనూ ఉన్నారు. "మీవాళ్ళు బిస్కెట్ ప్యాకెట్ చేతిలో పెట్టి మతం మారుస్తారట కదా" అని లంచ్ టేబుల్ దగ్గర నవ్వుతూ అడిగే రకం. ఆ నవ్వుకి నాకు ఒళ్ళు మండుతుంది. మా ముత్తాత మెదక్ చర్చి కట్టేటప్పుడు రాళ్ళు మోశాడని ఇంట్లో చెప్పుకుంటారు. 1914 నుంచి పదేళ్ళు కట్టారు దాన్ని, కరువు రోజులు, మిషనరీ పోస్నెట్ దొర పని పెట్టి తిండి దొరికేలా చేశాడు. 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ జరిగింది. నాన్న ఈ కథ చెప్పినప్పుడల్లా ఒక మాట దగ్గర గొంతు పెంచేవాడు: "కూలి తీసుకున్నడు. ముష్టి కాదు." ఒంగోలులో అమెరికా మిషనరీ క్లౌ దొర సంగతి కూడా అలాంటిదే. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకి తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకి పని ఇచ్చాడు. ఆ సాయం నడిచినన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు, గంజి కోసం వచ్చారన్న మాట పడకూడదని. సాయం ఆగాక, 1878 జులై 3న ఒక్కరోజే గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. ఊరి బావి దగ్గరికి రానివ్వని కాలంలో ఒక మనిషి తన పేరు తను మార్చుకోవాలనుకున్నాడంటే దాని వెనక ఉన్నది బిస్కెట్ అనుకునేవాడితో నాకు వాదన లేదు, జాలి ఉంది.

కానీ క్లౌ దొర ఆనాడు పాటించిన ఆ పట్టింపు ఇవాళ మాకు ఉందా? ఇది నేను మా వాళ్ళని అడుగుతున్నాను, లంచ్ టేబుల్ వాళ్ళని కాదు. పొట్లం, పాట ఒకే గంటలో ఇస్తున్నాం. పాట పాడితేనే పొట్లమని మేం ఎప్పుడూ అనలేదు, నిజమే. ఆ రెండో తరగతి పిల్లకి మాత్రం ఆ వరస కంఠతా వచ్చేసింది. ఆ బడిలో సగానికి పైగా హిందువుల పిల్లలు, కొందరు ముస్లింలు. ఒకసారి ఒక పిల్లాడి తల్లి గేటు దగ్గర నాతో అంది: "దేవుని పేరు జెప్తే ఏమైతది మేడం, మంచి మాటలే గద. గని మమ్మల్ని ఒక్క మాట అడిగితే మంచిగుండు." ఆమె కోపంగా అనలేదు. ప్రభుత్వ గుర్తింపు గానీ, ఎయిడ్ గానీ ఉన్న బడుల్లో తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పిల్లల్ని మతబోధలో, ప్రార్థనలో కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతుంది. దానికోసమే అడగాలని కాదు. ఆమె కొడుకు కాబట్టి అడగాలి. ఈ నగరంలో సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూల్ 1834 నుంచి, ఆల్ సెయింట్స్ 1855 నుంచి ఉన్నాయి. ఎన్ని తరాల హిందూ, ముస్లిం కుటుంబాలు మిషన్ బడులకి పిల్లల్ని నమ్మి పంపాయో హైదరాబాద్‌లో ఎవరినడిగినా చెబుతారు. ఆ నమ్మకం మేం సంపాదించినది కాదు, మా ముందువాళ్ళది. మేం కూర్చుని తింటున్నాం.

28వ అధికరణం అన్నాను కాబట్టి ఇంకోటి చెప్పాలి, ఇది మా కమిటీలో చెప్పినప్పుడు ఎవరికీ నచ్చలేదు. ఆ బడికి అర కిలోమీటరు దూరంలో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల ఉంది. అక్కడి పిల్లలు ఇంకా పేదవాళ్ళు. అడ్డా కూలీలు, చెత్త ఏరేవాళ్ళ పిల్లలు. పన్నెండేళ్ళలో మా సంఘం ఒక్కసారి కూడా ఆ గేటు దాటలేదు. ఎందుకని? పూర్తిగా ప్రభుత్వ సొమ్ముతో నడిచే బడిలో మతబోధ కుదరదు. పాట ఉండదు, కథ ఉండదు, బ్యానరు కట్టనివ్వరు. మాకు కావలసినది పేద బడి కాదన్నమాట, మైకు ఇచ్చే పేద బడి. పైగా, పిల్లలకి పనికొచ్చేదేదో నిజంగా ఆలోచిస్తే, కొన్ని కుటుంబాలకి ఆ సర్కారు బడి గురించి చెప్పడమే పెద్ద సాయం. మధ్యాహ్న భోజనం, గుడ్డు, ఉచిత పుస్తకాలు, యూనిఫాం అక్కడే వస్తాయి. నెలకి ఏడెనిమిది వందలు ఫీజు కట్టే కూలీ పిల్లాడికి ప్రైవేటు బడిలో ఇవేవీ రావు. ఇంగ్లీష్ మీడియం కోసం పంపుతున్నామంటారు, అది 2022 నుంచి సర్కారు బడుల్లోనూ వచ్చింది. ఇది చెబితే మన పాస్టరుగారి బడికి పిల్లలు తగ్గుతారు కదా అన్నారు కమిటీలో. నిజమే, తగ్గుతారు. ఆ మాట దగ్గర నాకూ నోరు పెగల్లేదు. చింతకాయ తొక్కు పెట్టిన మనిషి గుర్తొచ్చింది.

"ఏమీ చెయ్యనివాళ్ళ కంటే నయం కదమ్మా" అన్నారు ఒక పెద్దాయన. ఈ మాట ఎక్కడికి వెళ్ళినా ఎదురొస్తుంది. ఏమీ చెయ్యనివాడు ఆ పిల్లల రోజు చెడగొట్టలేదు, పాస్టరుగారి చేత కుర్చీలు అద్దెకు తెప్పించలేదు అని చెబుదామనుకున్నాను. పెద్దాయన ముందు అనలేకపోయాను. అదీగాక ఆయన ప్రతి నెలా తన పెన్షన్‌లో దశమభాగం ఇస్తాడు, నాకన్నా నిక్కమైన మనిషి. యూత్ వాదన వేరు: ట్రిప్‌కి వెళ్ళి వస్తే మా మనసులు మారతాయి సిస్టర్ అన్నారు. మారతాయి, నేను చూశాను. బస్సులో తిరిగొచ్చేటప్పుడు ఏడ్చేవాళ్ళుంటారు, ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పేటప్పుడు గొంతు పూడుకుపోతుంది. నా ప్రశ్న ఒక్కటే, మన మనసు మార్చుకోవడానికి ఆ పిల్లల చదువు పూటే ఎందుకు కావాలి? ధర్మం చేసేటప్పుడు బూర ఊదొద్దన్నాడు కదా ప్రభువు, సౌండ్ బాక్స్ అద్దె 4,500 అని నేనే రాశాను.

మొత్తానికి పెద్ద గొడవ తర్వాత ఒప్పుకున్నారు, ఒక ఏడాది మాత్రమే, ప్రయోగంలా. టీషర్టులు లేవు. ఒకే బడి. నెలకోసారి, మూడో శనివారం. ఎనిమిది మందికి మించొద్దు. పిల్లల ఫోటోలు తియ్యొద్దు. మొదటి రెండుసార్లు ఏమీ పట్టుకెళ్ళొద్దు, టీచర్లు ఏం చెయ్యమంటే అది చెయ్యాలి, వాళ్ళతో కలిసి తినాలి. ప్రార్థన టీచర్లతో, బడి అయిపోయాక, ఉండాలనుకున్నవాళ్ళతో.

అద్భుతాలేమీ జరగలేదు. మొదటి నెల ఎనిమిది మందీ వచ్చారు. మూడో నెలకి నలుగురం. ఇప్పుడు ఎక్కువసార్లు ముగ్గురం, అందులో ఒకరు రైల్వేలో రిటైరైన అంకుల్, మా సంఘం మనిషి కూడా కాదు. కానుకలు సగానికి పడిపోయాయి. ఫోటో లేకపోతే ఇచ్చేవాళ్ళకి చెయ్యి రాదని కోశాధికారిగా రాతపూర్వకంగా చెప్పగలను. ఒక నెల టీచర్లు మాకు ఇచ్చిన పని హాజరు పట్టీలు కొట్టివేతలు లేకుండా తిరగరాయడం. వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు, ఎంటెక్ చదివినవాళ్ళు, ఇందుకా వచ్చింది అన్నట్టు మొహాలు పెట్టుకున్నారు. మళ్ళీ రాలేదు.

అంకుల్ మాత్రం ఒకటి పట్టుకున్నాడు. నాలుగో తరగతి పిల్లాడొకడు ఇంగ్లీషు పాఠం గడగడా చదివేస్తాడు, క్లాసులో ఫస్టు అంటారు. అంకుల్ పక్కన కూర్చుని చూస్తే, నోరు అయిదో వరస చదువుతోంది, వేలు మూడో వరస మీద ఉంది. మొత్తం కంఠస్థం. మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి ఇదేంటిరా అంటే మొదటినుంచి అప్పజెప్పుకుంటూ రావాలి. తెలుగులో ఒత్తులు రావు, 'పుస్తకం' 'పుసకం' అవుతుంది. అలాంటి పిల్లలు ఆ తరగతిలో పదకొండు మంది తేలారు. ఇది గంటలో కనిపించేది కాదు, గంటకోసం వచ్చినవాళ్ళకి ఆ పిల్లాడు పద్యంలా అప్పజెప్పి చప్పట్లు కొట్టించుకుంటాడు. మాకూ కొట్టించాడు, 2023లో. అంకుల్ ఇప్పుడు వారానికి రెండు రోజులు తనంతట తనే వెళ్తున్నాడు, బస్ పాస్ ఉంది కదా అంటాడు. ఏడాది గడిచాక కమిటీ వాళ్ళు ఈ ఫిబ్రవరిలో మళ్ళీ పాత పద్ధతిలో ట్రిప్ పెడదామన్నారు. వేరే బడికి. చందాలు కావాలి కదా. నేను వెళ్ళలేదు, లెక్కలు మాత్రం రాసిపెట్టాను.

గొళ్ళెం సంగతి చెప్పలేదు కదా. మూతలో అన్నం తిన్న ఆ వారమే రాణిగంజ్ వెళ్ళి కొన్నాను. టవర్ బోల్టు, ఎనభై అయిదు రూపాయలు, స్క్రూలు దాంతోనే వచ్చాయి. మా తమ్ముణ్ణి వెంటబెట్టుకెళ్ళి బిగించాం. పిల్లలు చుట్టూ మూగి చూశారు. ఏడో తరగతి పిల్ల లోపలికెళ్ళి వేసి తీసి, వేసి తీసి, ఆరేడు సార్లు చేసింది.

రెండు నెలల్లో ఊడిపోయింది. చెక్కకి వాడే స్క్రూలు రేకులో ఎంతసేపని నిలుస్తాయి. మళ్ళీ అదే కొట్టుకి వెళ్ళాను. పాత బోల్టు బల్ల మీద పెట్టి జరిగినది చెబుతుంటే, కొట్టాయన నా మొహం చూసి అడిగాడు, "తలుపు చెక్కదా, రేకుదా అని మొదలే చెప్పొద్దా అమ్మా? మీరు చూసిన తలుపే గదా?"

చూసిన తలుపే అన్నాను. నట్టు బోల్టులు, వాషర్లు పొట్లం కట్టి ఇచ్చాడు. పన్నెండు రూపాయలు.